ఒతీలియా రాసిన ఆరు పేజీలు

ఇలా రండి, దగ్గరగా జరగండి. ఆ చెర్రీ బకెట్లు పక్కన పెట్టండి, అవేం పారిపోవు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, వాళ్ళు కూడా వినవలసిన సంగతే ఇది. ఒతీలియా బర్లాంగా గురించి, ఆమె చేత్తో రాసిన ఆరు పేజీల గురించి చెప్పాలి. అంతా విన్నాక ఆమెను తిట్టుకుంటారో, జాలిపడతారో మీ ఇష్టం. మధ్యలో మాత్రం లేవకండి.

మన నొపాలితో ఊళ్ళో యూనివర్సిటీ మేడకు ఆరు అంతస్తులు. చదువుకునే పిల్లలు మనవాళ్ళే, వాళ్ళకు వండిపెట్టేదీ మనవాళ్ళే, ఫీజుల కిటికీ వెనక కూర్చునేదీ మనవాళ్ళే. కానీ లిఫ్టు పైకి పోయేకొద్దీ మనవాళ్ళు ఒక్కో అంతస్తులో దిగిపోతూ ఉంటారు. ప్రెసిడెంటు గది, వైస్ ప్రెసిడెంట్ల గదులు ఉన్న ఆరో అంతస్తు చేరేసరికి, నేల తుడిచే బకెట్ పట్టుకున్న వాళ్ళు తప్ప లిఫ్టులో మనవాళ్ళు దాదాపు ఎవరూ మిగలరు.

ఒతీలియాది రెండో అంతస్తు. పిల్లల అర్జీలు, సర్టిఫికెట్లు చూసే ఆఫీసుకు ఆమె పెద్ద. నలభై మూడేళ్ళ మనిషి, ఎవరి పేరూ మరిచిపోదు. తల్లి చిన్నప్పుడే పోతే చోలె పిన్ని పెంచింది. ఒతీలియా చదువంతా రైలు పట్టాల పక్కనున్న నారింజల షెడ్డులోనే సాగింది. ఆ షెడ్డు సంగతి మీకు నేను చెప్పాలా? నలభై ఏళ్ళ కిందట అక్కడ కాయలు పెట్టెల్లో సర్దే ఆడవాళ్ళంతా యూనివర్సిటీకి ఒక కాగితం రాశారు. మేము మీ దగ్గరికి రాలేము, మీరే మా దగ్గరికి రండి అని. అప్పటినుంచి సాయంత్రం ఆరింటికి అక్కడ క్లాసులు నడుస్తున్నాయి. ఉత్తరాది తోటల్లో పనులు ముగించుకుని మనం అక్టోబరులో ఇల్లు చేరాక మొదలవుతాయి, మళ్ళీ మే నెలలో మనం బండ్లెక్కేదాకా ఉంటాయి. మన బతుకును చూసి తన క్యాలెండరు దిద్దుకున్న బడి ఇంకొకటి ఉంటే చూపించండి.

చోలె పిన్నికి అరవై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఒక్కో సబ్జెక్టూ పూర్తి చేసుకుంటూ వస్తోంది. ఇంకా రెండు మిగిలాయి. "నా డిగ్రీ నా శవపేటికలోనే పెడతారే, బంగారం. పైన దేవుడు ఉద్యోగం ఇస్తాడేమో చూడాలి," అని నవ్వేది.

అలాంటి రోజుల్లో యూనివర్సిటీ బోర్డు ఒక నిర్ణయం చేసింది. ఇంత మంది మనవాళ్ళున్న ఊళ్ళో పై పదవుల్లో ఒక్కడే మనవాడున్నాడు, ఇది బాగోలేదు, మనవాళ్ళలోంచి నాయకుల్ని తయారు చెయ్యాలి అని. ఏటా ఆరుగురిని ఎంచి శిక్షణ ఇస్తారు. వాళ్ళలోంచి పై గదులకు తీసుకుంటారు. ఎంచే పని ఆ ఒక్కడిదే. ఆయన పేరు ఎవరిస్తో సల్దివార్, వైస్ ప్రెసిడెంటు. నీలం చొక్కా, మెత్తటి గొంతు. ఆయన ఒతీలియాకు కొంపాద్రె, ఆమె ఆయనకు కొమాద్రె. ఎనిమిదేళ్ళ కిందట ఆమె కూతురు నెరీదాకు జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడి, కొవ్వొత్తి పట్టుకుని మాటిచ్చిన మనిషి. ఆయన ఆమె పేరు రాశాడంటే ఆశ్చర్యం ఏముంది?

శిక్షణ శుక్రవారాలు. ఆరో అంతస్తులో పొడవాటి బల్ల చుట్టూ ఆరుగురు కూర్చునేవారు. పై ఊరి నుంచి ఒకావిడ వచ్చి నేర్పేది. మీటింగులో ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు మానుకోవాలి, కాదు అనే మాటను అవును లాగా ఎలా చెప్పాలి, ఇవీ పాఠాలు. "మీ ముఖాలు మరీ ఎక్కువ మాట్లాడేస్తున్నాయి," అందట మొదటి రోజే.

"ఏం నేర్పుతున్నారే అక్కడ?" అని అడిగింది చోలె పిన్ని రొట్టె కాలుస్తూ.

"కూర్చోడం, పిన్నీ."

"వంద ఏళ్ళు నుంచోబెట్టి పని చేయించుకుని, ఇప్పుడు కూర్చోడం నేర్పుతున్నారా! శభాష్. నీతో పాటు నాకూ ఒక కుర్చీ వెయ్యమను."

ఫిబ్రవరిలో అసలు పరీక్ష వచ్చింది. యూనివర్సిటీలో ఏదో ఒకటి మూసెయ్యాల్సి వస్తే దేన్ని మూస్తారు, గొడవ లేకుండా ఎలా మూస్తారు, రాసి తెమ్మన్నారు. ఆ ఆదివారం ఎవరిస్తో భోజనానికి వచ్చాడు. నెరీదా ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుని దీవెన అడిగింది. ఆయన దీవించి, రెండోసారి కూడా మెనూదో పులుసు వడ్డించుకుని, నెమ్మదిగా అన్నాడు.

"కొమాద్రె, మీరు షెడ్డు గురించి రాయండి."

"షెడ్డు మూయడమా? నోరు కడుక్కోండి, కొంపాద్రె!"

"అయ్యో, ఇది పాఠం అండీ. బళ్ళో పిల్లలకి దొంగ ఎంత వేగంగా పరిగెత్తాడో లెక్క కట్టమంటారు, దొంగతనం నేర్పడానికా? రేపు నిజంగా ఎవడైనా మూయడానికొస్తే మీరు ముందే కనిపెట్టాలి కదా. అందుకోసం."

"దాన్ని ఎవరు చదువుతారు?"

"ఎవరూ చదవరు. నేనొక్కణ్ణే చూస్తాను. మొహమాటానికి రాశారో, నాకు తెలిసిపోతుంది. నిజం రాయండి."

బయటివాడు అడిగి ఉంటే ఒతీలియా ఏదో ఒకటి రాసిచ్చి ఊరుకునేది. కానీ కొంపాద్రె అడిగాడు. బిడ్డ తల మీద నీళ్ళు పడుతుంటే పక్కన నిలబడిన మనిషి ముందు అబద్ధం ఆడకూడదు, అతను అబద్ధం ఆడతాడని అనుకోనూ కూడదు. ఇది మనకు ఎవరూ నేర్పలేదు, పాలతో పాటు వచ్చింది. అందుకే ఆమె నిజమే రాసింది. మూడు రోజులు వంటింటి బల్ల మీద కూర్చుని రాసింది.

ఏం రాసిందో చెప్తాను, వినండి. చలికాలంలో మూయకూడదు, అందరూ ఇళ్ళలోనే ఉంటారు. జూన్ మొదటి సోమవారం మూయాలి, అప్పటికి బండ్లన్నీ ఉత్తరానికి వెళ్ళిపోతాయి, కిటికీలకు చెక్కలు కొట్టేసి ఉంటాయి. ముందుగా గుడి ఫాదర్‌కు ఒక్కడికే చెప్పాలి, అదీ పైకప్పు ప్రమాదంగా ఉందని చెప్పాలి. పిల్లలు తిరిగే చోట పైకప్పు అంటే ఎవరూ ఎదురు మాట్లాడరు. షెడ్డులో చదువుకున్న పాత వాళ్ళకు పేర్లు చెక్కిన పలకలు ఇచ్చి సన్మానం చెయ్యాలి. సన్మానం అందుకున్న మనిషి మర్నాడే పోట్లాటకు రాడు. యూనివర్సిటీ నియమం ప్రకారం నోటీసు షెడ్డు దగ్గరే చదవాలి. ఆ రోజు సాయంత్రంలోగా అక్కడ చదివేవాళ్ళు పదిమంది అభ్యంతరం రాసిస్తే మూత ఆగుతుంది. జూన్‌లో పదిమంది దొరకరు. ఇక ఆ నోటీసు చదివే మనిషి వాళ్ళలోంచే రావాలి, ఆ షెడ్డులోనే చదువుకుని ఉండాలి.

ఆ మాట రాశాక కలం ఆగింది. కొట్టేద్దామా అనుకుంది. నిజమే కదా అని ఉంచేసి, ఆరో పేజీ మొదలుపెట్టింది.

"ఇంతసేపు ఏం రాస్తున్నావే?" అంది పిన్ని.

"చప్పుడు లేకుండా తలుపు ఎలా మూయాలో రాస్తున్నా."

"దానికి ఆరు పేజీలెందుకు? బందులకి కాస్త నూనె రాస్తే సరి," అని పిన్ని పకపకా నవ్వింది.

ఏప్రిల్‌లో ఒతీలియా వైస్ ప్రెసిడెంటు అయింది. ఊరంతా పండగ. ఆవు తల మాంసం గుంటలో కాల్చారు, అకార్డియన్ వాయించేవాడు సాయంత్రం దాకా ఆపలేదు. నొపాలితోలో పుట్టిన ఆడది ఆరో అంతస్తులో కూర్చోవడం అదే మొదటిసారి. నేల తుడిచే ఎన్‌గ్రాసియా ఆమెను గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ తుడిచి ఇచ్చింది. ఇచ్చి, వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"ఏంటి, ఎన్‌గ్రాసియా?"

"ఏం లేదమ్మా. ఈ గది కిటికీ తెరుచుకోదు. అందరూ తెరవాలనే చూస్తారు మొదట్లో. చెప్దామని."

రెండు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ అన్సెల్మో ఆమెను గుడి మెట్ల మీద ఆపాడు. ముసలాయన, చెవి సరిగ్గా వినిపించదు, అందుకని రహస్యాలు కూడా గట్టిగానే చెప్తాడు.

"అమ్మాయ్, ఆ నారింజల షెడ్డు పైకప్పు అంత పాడైపోయిందా? పాపం, పిల్లలు తిరిగే చోటు. మీవాళ్ళొచ్చి చెప్పారు. ఇంకెవరికీ చెప్పొద్దన్నారు, నీకు చెప్తే ఫరవాలేదుగా?"

ఒతీలియా మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఫాదర్ ఎండ దెబ్బ అనుకుని నీళ్ళు తెప్పించాడు.

మంగళవారం బహుమతుల దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, ఇరవై రెండు పలకలు చెక్కుతున్నాం. సోలెదాద్ ఒలివారెస్ గారి పేరు సరిగ్గా ఉందో చూసి చెప్తారా?" సోలెదాద్ ఒలివారెస్ అంటే చోలె పిన్ని. గురువారం షెడ్డు దగ్గర ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని పైకప్పు ఫొటోలు తీస్తూ కనిపించారు. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు. ఆమె రాసిన మాటలు ఒక్కోటే లేచి, చెప్పులేసుకుని, ఊళ్ళో నడుస్తున్నాయి.

శుక్రవారం బల్ల మీద నోటీసు కాగితం ఉంది. తేదీ జూన్ మొదటి సోమవారం. చదివి వినిపించేది ఒతీలియా బర్లాంగా, వైస్ ప్రెసిడెంటు.

ఆమె ఎవరిస్తో గదికి వెళ్ళింది. ఆయన లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఎవరూ చదవరన్నారు, కొంపాద్రె."

"చదవలేదండీ. చేస్తున్నారు."

ఆయన ఎగతాళికి అనలేదు, అదే భయం. అలసిపోయిన మనిషి టైమెంతో చెప్పినట్టు చెప్పాడు.

"మీరెలా ఇచ్చారు వాళ్ళకి? నా బిడ్డ మీద ప్రమాణం చేసిన మనిషి మీరు!"

"కూర్చోండి, కొమాద్రె. ఆ స్థలం రైల్వే వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఎలాగైనా మూస్తారు. ఎవడో వచ్చి మొరటుగా మూసే బదులు మీరు మర్యాదగా మూస్తున్నారు. మీరు రాసిన దాంట్లో ఎవరికీ అవమానం లేదు. చాలా బాగా రాశారు. నేను రాసిన దానికన్నా బాగా రాశారు."

"మీరు రాసిందా?"

"పన్నెండేళ్ళ కిందట. ఈ శిక్షణ అప్పుడు లేదు, అయినా నా చేతా రాయించారు. పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చే బస్సు గుర్తుందా మీకు?"

ఆమెకు గుర్తుంది. ఒక ఏడాది ఆ బస్సు రావడం మానేసింది. ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఎవరూ అడగనూ లేదు, అంత నెమ్మదిగా ఆగిపోయింది.

"ఈ ఏడాది మిగతా ఐదుగురూ రాశారు కదా," అంది ఒతీలియా. "వాళ్ళు దేని గురించి రాశారు?"

ఎవరిస్తో సొరుగు వైపు చూశాడు. తెరవలేదు. "మీకు ఈ ఉద్యోగం అచ్చొస్తుంది. ముఖం చక్కగా అదుపులో పెట్టుకున్నారు ఇప్పుడు," అన్నాడు.

ఆ రోజు ఒతీలియా ఇంటికి వచ్చి చీకటి పడేదాకా పెరట్లోనే తిరిగింది. ఏం చెయ్యాలో తెలియక కాదు. తెలుసు. చెప్పాలి. చెప్తే ఉద్యోగం పోతుంది, అది చిన్న సంగతి. చెప్పాలంటే ఆ ఆరు పేజీలు తనే రాశానని చెప్పాలి. తనను పెంచిన చేతుల ముందు, తనకు చదువు చెప్పిన వాళ్ళ ముందు, మీరు ఎప్పుడు ఊళ్ళో ఉండరో, ఎవరి మాటకు తల వంచుతారో, దేనికి నోరు మూసుకుంటారో నేనే రాసిచ్చానని చెప్పాలి.

మే చివరి ఆదివారం వచ్చింది. ఆ రోజు మీలో చాలామంది అక్కడే ఉన్నారు. గుడి ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి, పరుపులు, కుండలు, పిల్లల సైకిళ్ళు తాళ్ళతో కట్టి. ఫాదర్ అన్సెల్మో ఒక్కో బండి మీద మంత్రజలం చల్లుతున్నాడు. మధ్యాహ్నం ఎండ. చోలె పిన్ని మూడో బండి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

ఒతీలియా ఒక పండ్ల పెట్టె తిరగేసి దాని మీద నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు, ఆరో అంతస్తు దీవెన ఇవ్వడానికొచ్చింది అనుకున్నారు. "త్వరగా కానీ, తల్లీ, పెట్టెల్లో ఐసు కరిగిపోతోంది!" అని ఎవరో అరిచారు. నవ్వారు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. ఆరులో ఐదు పేజీలు చదివింది. మొదటి పేజీకి నవ్వు ఆగింది. రెండో పేజీకి ఇంజన్లు ఆపేశారు. పైకప్పు మాట దగ్గర ఫాదర్ తన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, వినిపించింది నిజమేనా అన్నట్టు చుట్టూ చూశాడు. పలకల మాట దగ్గర, అప్పటికే పలక అందుకుని బండి అద్దం ముందు పెట్టుకున్న ఒక ముసలాయన దాన్ని తీసి ఒళ్ళో బోర్లించాడు. ఆరో పేజీ దగ్గరికి వచ్చి ఒతీలియా కాగితాలు మడిచేసింది. చివరి పేజీ చదవలేకపోయింది.

చోలె పిన్ని బండి దిగి దగ్గరికి వచ్చింది.

"ఇదేనా ఆ రోజు వంటింట్లో కూర్చుని రాసింది?"

"అవును, పిన్నీ."

"నేను పక్కనే రొట్టెలు కాలుస్తుంటే."

"అవును."

"అంతా నిజమే రాశావే. ఒక్క తప్పు లేదు." పిన్ని ఆమె గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది, మార్కెట్లో కాయను తిప్పి చూసినట్టు. "మేము వెళ్ళాలి. వెళ్ళకపోతే తినేదేముంది? అది కూడా నీకు తెలుసుగా."

బండ్లు కదిలాయి. ఒతీలియా దుమ్ములో నిలబడి ఎన్ని వెళ్ళాయో చూడలేదు.

జూన్ మొదటి సోమవారం ఉదయం ఆమె షెడ్డు దగ్గరికి ఒంటరిగా వెళ్ళింది. నోటీసు తేలేదు. అభ్యంతరం రాయడానికి తెల్ల కాగితాలు తెచ్చింది. ఎనిమిదింటికి ఎవరూ లేరు. తొమ్మిదింటికి ఇద్దరు వచ్చారు, నలుగురయ్యారు. పదింటికి యూనివర్సిటీ కారులో ఎవరిస్తో దిగాడు. ఆమెను చూశాడు, ఆమె చేతుల్ని చూశాడు, జేబులోంచి తనే నోటీసు తీసి చదివాడు. చదువుతూ ఒక్కసారి కూడా ఆమె వైపు తల ఎత్తలేదు. ఆ పని నాకొద్దు అని ఆయన ఒంట్లో ఏ మూలో ఎవరో అంటున్నట్టే ఉంది. కానీ చివరి దాకా చదివాడు.

మధ్యాహ్నానికి ఏడుగురు. నాలుగింటికీ ఏడుగురే. సాయంత్రం అవుతుండగా రోడ్డు మలుపులో కాలినడకన కొందరు కనిపించారు. ఇంటికొకరు చొప్పున బండి దిగి, బస్సులు పట్టుకుని వెనక్కి వచ్చినవాళ్ళు. ముందు నడుస్తోంది చోలె పిన్ని, చెప్పు తెగి చేత్తో పట్టుకుని. లెక్క పదమూడు అయింది. పిన్ని ఒక కాగితం తీసుకుని, బోర్డు మీద రాసినట్టు పెద్ద అక్షరాలతో తన అభ్యంతరం రాసింది. ఒతీలియాతో ఒక్క మాట మాట్లాడలేదు. కలం మాత్రం ఆమె చేతికే ఇచ్చింది.

పదమూడు కాగితాలూ ఎవరిస్తో అందుకున్నాడు. ఒక్కోటీ చూసి, అంచులు సరిచేసి కవర్లో పెట్టాడు.

"నియమం నియమమే. ఈ రోజుకి మూత ఆగింది," అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టబోయారు. ఆయన ఒతీలియా దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే మెత్తగా అన్నాడు. "అభ్యంతరం వస్తే బోర్డు విచారణ పెడుతుంది, కొమాద్రె. రాసిచ్చిన ప్రతి ఒక్కరూ, వాళ్ళతో పాటు ఆ బడిలో చదివే సగం మందీ స్వయంగా వచ్చి నిలబడాలి. సెప్టెంబరు రెండో మంగళవారం, ఉదయం పదింటికి, ఆరో అంతస్తులో. ఆ తేదీ ఎందుకు పెట్టారో మీకు తెలుసు కదా."

తెలుసు. చివరి పేజీ. ఆదివారం చదవలేకపోయిన పేజీ. ఒకవేళ ఎలాగో పదిమంది దొరికితే విచారణ సెప్టెంబరులో పెట్టండి, ఆపిల్ కోతల్లో ఉంటారు, ఒక్కరూ తిరిగి రాలేరు అని ఆమే రాసింది.

ఎవరిస్తో కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఆమె ఆరో అంతస్తు గది తాళం ఎన్‌గ్రాసియా చేతికి ఇచ్చేసింది. శిక్షణ ఆగలేదు. వచ్చే ఏడాది ఆరుగురి పేర్లు గోడ మీద అంటించేశారు. ఆ ఆరుగురిలో ఇద్దరు షెడ్డులో చదివిన వాళ్ళే. సొరుగులో ఐదు కాగితాలు అలాగే ఉన్నాయి. వాటిలో ఏముందో రాసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఒతీలియా ఇప్పుడు ఊళ్ళో ఇంటింటి తలుపుకూ కొట్టిన చెక్కల మీద సుద్దముక్కతో ఒక తేదీ రాస్తోంది. కానీ ఆ ఇళ్ళలో ఎవరున్నారు చదవడానికి? అందరూ ఇక్కడే ఉన్నారు, ఈ తోటల్లో. అందుకే నేను మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. ఇది విన్నారు కదా, మరిచిపోకండి. ఏ గుడిసెలో పడుకున్నా, ఏ నిచ్చెన మీద నిలబడి కాయలు కోస్తున్నా, పక్కవాళ్ళకు మొదటి నుంచి చివరి దాకా చెప్పండి, ఒతీలియా తప్పు కూడా దాచకుండా చెప్పండి. సెప్టెంబరు రెండో మంగళవారం, ఉదయం పదింటికి మనమంతా ఆరో అంతస్తులో ఉండాలి. మీ పిల్లల్లో ఎవరినైనా ప్రేమగా పైకి పిలిచి, నీకు తెలిసిన నిజం రాసివ్వు అని అడిగితే, వాళ్ళకు ఇంకా ముందుగా చెప్పండి.